గాలం వేసేవాళ్ళ క్లబ్బు వాగును కాపాడాలంటే: వరంగల్ వైపు వాళ్ళకు ఒక మార్గదర్శి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు గాలం సరదా ఉన్నవాళ్ళు తక్కువేం లేరు. సెలవు రోజు వస్తే చాలు, చెరువు కట్టల మీద, మానేరు ఒడ్డున రీళ్ళూ కర్రలూ కట్టుకున్న బండ్లు కనిపిస్తాయి. వాట్సాప్ గ్రూపులున్నాయి, చేపను ఎత్తి పట్టుకున్న ఫొటోలున్నాయి. చాలా గ్రూపులు అక్కడే ఆగిపోతాయి. ఇంకో అడుగు వేసి, చేపా నీళ్ళూ రెండూ మిగిలేలా ఏదైనా చేద్దాం అనుకునేవాళ్ళ కోసం ఇది.

నదిని కాపాడటం అనగానే చీపుర్లు, బ్యానర్లు, గ్రూప్ ఫొటో గుర్తొస్తాయి. నా లెక్కలో అవి చివరన వచ్చే పనులు. గాలం వేసేవాడు ఒకే చోట గంటల తరబడి కదలకుండా నీళ్ళనే చూస్తూ కూర్చుంటాడు. రంగు మారినా, వాసన మారినా, చేప ఎర ముట్టడం మానేసినా ముందు పసిగట్టేది అతనే. అతను చూసింది కాగితం మీదికి, ఆ కాగితం సంబంధిత ఆఫీసుకు చేరాలి. క్లబ్బు అసలు పని అదే.

ముందు ఒక ముక్కను ఎంచుకోండి

గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను, ఇంకా కిందికి పోయాక ఇంద్రావతిని కలుపుకుని భద్రాచలం వైపు పోతుంది. దాన్నంతా పదిహేను మంది కాపాడలేరు. "గోదారిని కాపాడుదాం" అని పెట్టిన సంఘం రెండు మూడు మీటింగులకే చల్లబడుతుంది.

ఆకేరు, మున్నేరు, మానేరు, మోరంచవాగు, ఏదైనా సరే. బండి మీద గంటలోపు చేరగలిగిన చోట ఐదారు కిలోమీటర్ల ముక్క చాలు. అది అభయారణ్యంలో పడుతుందా లేదా ముందే చూసుకోండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. మంథని, జైపూర్ మధ్య గోదావరి ఒడ్డున ఉన్న శివ్వారం మొసళ్ళ కోసం పెట్టింది. ఇలాంటి చోట్ల అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం వేస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. శివ్వారంలో కేసు కంటే ముందు మొసలే పలకరిస్తుంది, అది వేరే సంగతి.

ఎంచుకున్న ముక్కను ఏడాదికి రెండుసార్లు మొత్తం నడవాలి. వానలు తగ్గాక ఒకసారి, ఏప్రిల్ చివర్లో ఇంకోసారి. ఈ రెండింట్లో ఎండాకాలం నడకే ముఖ్యం. అప్పటికి వాగు తెగిపోయి మడుగులే మిగులుతాయి. వచ్చే వానకు గుడ్లు పెట్టాల్సిన తల్లి చేపలన్నీ ఆ నాలుగైదు మడుగుల్లోనే తలదాచుకుంటాయి. ఏ మడుగు ఎంత లోతు, ఎవరి మోటర్లు అందులో దిగి ఉన్నాయి, ఇసుక ఎక్కడిదాకా తోడారు, ఊరి మురికి ఏ ఒర్రె గుండా వచ్చి కలుస్తోంది, చెక్ డ్యాములు ఎక్కడెక్కడ ఉన్నాయి, అన్నీ ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకోండి. వానాకాలంలో నిండుగా పారే నీళ్ళను చూస్తే ఇవేవీ కనిపించవు.

సొసైటీ పెద్దమనుషులను కలవండి

క్లబ్బు పేరు పెట్టకముందే, బ్యానర్ కొట్టించకముందే చేయాల్సిన పని ఇది. చెరువుల్లో చేప మీద హక్కు మత్స్య పారిశ్రామిక సహకార సంఘానిది, ఊళ్ళల్లో సొసైటీ అనేది దాన్నే. రిజర్వాయర్లకు మత్స్య శాఖ లైసెన్సులుంటాయి. గంగపుత్రులు, ముదిరాజులు తరాలుగా ఆ నీళ్ళ మీద బతుకుతున్నారు. పట్నం నుంచి వేల రూపాయల రాడ్డుతో వచ్చి "మీరు చేపలు తక్కువ పట్టండి" అంటే ఎవరికైనా మండుతుంది.

మాట ఇలా మొదలుపెట్టొచ్చు: "అన్నా, మేం చేపలు అమ్ముకునేటోళ్ళం కాదు. సరదాకు పడతం, ఎక్కువ శాతం మళ్ళ నీళ్ళల్లనే వదుల్తం. ఎవడన్న నీళ్ళల్ల విషం మందు కలిపినా, పేలుడు తోటా వేసినా మాకు కనబడితే ముందు మీకే ఫోన్ జేస్తం. అర్జీలు రాసుడు, ఆఫీసుల చుట్టు తిరుగుడు మేం జూసుకుంటం." వాళ్ళకు ఇందులో నిజంగా పనికొచ్చేది చివరి వాక్యమే. మందు కలిపి చేపలు చచ్చిన రోజు నష్టపోయేది వాళ్ళు, కానీ పని మానుకుని కలెక్టరేట్ చుట్టూ తిరిగే తీరిక ఉండనిదీ వాళ్ళకే.

ఒప్పందం ఒక కాగితం మీద రాసుకోండి: ఏ రోజుల్లో వేస్తారు, ఎన్ని గాలాలు, ఇంటికి ఎన్ని చేపలు తీసుకెళ్ళొచ్చు, అమ్మకం లేదు. అదే కూర్చోవడంలో ముసలివాళ్ళను కదిలించండి. వాలుగ ముందు ఎక్కడ దొరికేది, బొమ్మిడాయిలు ఎప్పటి నుంచి తగ్గాయి, ఏ మడుగు ఎన్నడూ ఎండలేదు. ఈ ముచ్చట్లను తేదీ వేసి రాసి పెట్టుకోండి. మీ వాగు మునుపు ఎట్లా ఉండేదో చెప్పే లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు, వీళ్ళ నోటనే దొరుకుతుంది.

రిజిస్ట్రేషన్

మీ క్లబ్బును 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. లెటర్ హెడ్డూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉంటే అర్జీకి బరువు వస్తుంది. మొదటి ఏడాది లేకపోయినా మునిగిపోయేదేం లేదు.

మీకు మీరే పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు

ఇతరులకు చెప్పే ముందు ఇవి మీ సంచిలో, మీ చేతిలో కనిపించాలి.

గాలం కొక్కేనికి లోపల ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కేయండి. తంగూసు (గాలానికి కట్టే నైలాన్ దారం) బిగువుగా ఉంచితే చేప జారిపోదు. తీసేటప్పుడు మాత్రం నోరు చిరగదు. చేప ఒంటి మీది జిగురు దానికి రోగాలు రాకుండా అడ్డుకునే పొర. పొడి చేతులతో, పొడి బట్టతో పట్టుకుంటే అది ఊడి వస్తుంది. కాబట్టి ముందు చేతులు తడుపుకోండి. ఎండకు కాలిన బండ మీద చేపను పడుకోబెట్టొద్దు. దవడ పట్టి వేలాడదీసే ఫొటోలు మానేయండి. కింద ఒక చేయి పెట్టి, నీళ్ళకు అడుగు ఎత్తులోనే పట్టుకోండి. గొంతు లోపలిదాకా మింగిన గాలాన్ని పీకొద్దు, దారం దగ్గరగా కోసి వదిలేయండి. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను తోక కొట్టేదాకా ఆగండి.

ఇంటికి తీసుకెళ్ళేది మధ్య సైజు మాత్రమే. చిన్నదాన్ని వదలాలని అందరికీ తెలుసు. మరీ పెద్దదాన్ని కూడా వదలాలని చెబితే మాత్రం ముఖం చిట్లిస్తారు. బొచ్చె, రోహు లాంటివి ఒంటి బరువు కిలోకు లక్షకు పైనే గుడ్లు పెడతాయి. ఎనిమిది కిలోల తల్లి చేపను కూర వండుకోవడమంటే వచ్చే ఏడు వాగులో తిరగాల్సిన పిల్లల్ని వండుకోవడమే.

కొర్రమీను సంగతి విడిగా చెప్పాలి. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. వానాకాలంలో నాచు అంచున, తుంగ పక్కన నీళ్ళ పైన ఎర్రటి మరక ఒకటి కదులుతూ కనిపిస్తుంది. దగ్గరకెళ్ళి చూస్తే అది వందల పిల్లల గుంపు, ఒక్కోటి అగ్గిపుల్ల అంత కూడా ఉండదు. అన్నీ ఒకేసారి పైకొచ్చి గాలి మింగి మళ్ళీ దిగుతుంటాయి. కింద మూరెడు లోతులో తల్లీతండ్రీ కావలి ఉంటాయి. ఆ మరక మీద గాలం వేస్తే కొర్రమీను ఆకలితో కాదు, కోపంతో కొరుకుతుంది. అందుకే అది అన్నిటికంటే సులువైన వేట, అన్నిటికంటే నీచమైన వేట కూడా. కావలి పోయిన పిల్లల్ని మిగతా చేపలు చూస్తుండగానే ఖాళీ చేస్తాయి. పిల్లల గుంపు మీద గాలం వేసినవాళ్ళకు క్లబ్బులో చోటు లేదని రాసి పెట్టుకోండి.

కాలం విషయానికొస్తే, తొలి వరద వచ్చిన రోజు నుంచి ఆగస్టు చివరిదాకా పారే నీళ్ళలో గాలం బంద్ చేయండి. మత్స్య శాఖ ప్రకటించే నిషేధం ఇంతకంటే ఎక్కువ రోజులుంటే దాన్నే పాటించండి. బొచ్చె, రోహు, మెరిగ ఎర్రనీళ్ళకు ఎదురెక్కి గుడ్లు పెట్టే కాలం అది. చెక్ డ్యాముల కింద, మత్తడి దుంకే చోట పైకి పోలేక గుంపులుగా ఆగిపోతాయి. జనం గంపలతో, దోమతెరలతో ఎగబడేది అక్కడే. ఆ రోజుల్లో మీ సభ్యులు గాలాలు ఇంట్లో పెట్టి అక్కడికి వెళ్ళి నిలబడితే చాలు. మాట్లాడాల్సిన పని కూడా ఎక్కువ ఉండదు, పది మంది చూస్తున్నారంటే దోమతెరలు తగ్గుతాయి. అయితే వరదలో ఎవరూ నీళ్ళలో దిగొద్దు. 2023 జులైలో మోరంచవాగు రాత్రికి రాత్రే ఊరి మీద పడిన సంగతి భూపాలపల్లి వైపు ఎవరూ మరచిపోలేదు.

నోటుబుక్కు

క్లబ్బు ఇంకేం చేయకపోయినా ఇదొక్కటి పదేళ్ళు చేస్తే చాలంటాను. కావేరి మీద గాలిబోరె క్యాంపులో గాలం వేసినవాళ్ళు 1998 నుంచి 2012 దాకా పట్టి వదిలిన చేపల లెక్క రాసి పెట్టారు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ పుస్తకాలు తిరగేస్తే, అక్కడి సొంత చేప మూపురం మహసీరు తరిగిపోతూ, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్క మహసీరు పెరిగిపోతున్నట్టు తేలింది. 2018లో ఆ మూపురం మహసీరు అంతరించే ప్రమాదం అంచున ఉన్న జాతుల జాబితాకెక్కింది. సరదాగా గాలం వేసినవాళ్ళు రాసిన అంకెలే అక్కడ సాక్ష్యమయ్యాయి.

రాయాల్సినవి ఇవి: తేదీ, చోటు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎన్ని గాలాలు, ఎర ఏమిటి (ఎర్రలా, తవుడు ముద్దా, కప్పా), పడిన చేప రకం, మూతి నుంచి తోక చివరిదాకా పొడవు, వదిలారా తీసుకెళ్ళారా. పక్కన నీళ్ళ రంగు, వాసన, మట్టం. బరువు కోసం చేపను తక్కెడకు వేలాడదీయొద్దు, పొడవు చాలు. ఒక పలక మీద స్కేలు గీసి, తడిపి, దాని మీద పెట్టి ఫొటో తీయండి.

ఏమీ పడని రోజు కూడా రాయాలి. ఇక్కడే అందరూ తప్పుతారు. ఖాళీ చేతులతో వచ్చిన రోజు ఎవరికీ రాయబుద్ధి కాదు. కానీ సున్నాలు లేని పుస్తకం అబద్ధం చెబుతుంది. లెక్క తేలిక: ముగ్గురు నాలుగేసి గంటలు కూర్చుంటే 12 గాలం గంటలు. ఆరు చేపలు పడితే గంటకు 0.5. ఈ ఒక్క అంకెను నెలనెలా, ఏడాదికేడాది పక్కపక్కన పెట్టి చూడండి. "ఈ మధ్య చేపలు తగ్గినయే" అన్న మాటను ఏ అధికారీ పట్టించుకోడు. గంటకు 0.5 ఉన్నది మూడేళ్ళలో 0.1కి పడిందంటే మాత్రం ఫైలు తెరుస్తాడు.

నీళ్ళను కొలవండి

అక్వేరియం షాపుల్లో ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్ కిట్లు దొరుకుతాయి. ఒక థర్మామీటరు కూడా కావాలి. నీళ్ళ తేటదనం చూడటానికి 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకుకు నాలుగు ముక్కలుగా నలుపు, తెలుపు రంగు వేసి, తాడు కట్టి దింపండి. ఎంత లోతులో కనిపించకుండా పోతుందో రాయండి.

కాలుష్య నియంత్రణ బోర్డు ప్రమాణాల్లో చేపలకు పనికొచ్చే నీళ్ళంటే ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడతాయి. మే నెల మడుగులో పరిస్థితి ఊహించుకోవచ్చు.

కొలవాల్సింది తెల్లవారుజామున. నాచు పగలంతా ఆక్సిజన్ వదిలి రాత్రంతా పీల్చుకుంటుంది కనుక సూర్యోదయానికి ముందే అది అడుగంటుతుంది. మధ్యాహ్నం మూడింటికి తీసిన రీడింగు చూసి నీళ్ళు భేష్ అనుకుంటే మోసపోతారు.

చేపలు తేలిన రోజు

ఫోన్ వచ్చిన గంటలోపు చేరగలిగితేనే ఏదైనా చేయగలరు. కిట్టు ఎప్పుడూ ఒకరింట్లో సిద్ధంగా ఉండాలి: మూతలున్న శుభ్రమైన సీసాలు, ఐసు డబ్బా, అల్యూమినియం ఫాయిల్, చేతి తొడుగులు, మార్కర్, కొలత కిట్లు.

చేరగానే దేన్నీ ముట్టుకోకుండా ముందు చూడండి. పెద్ద చేపలే ఎక్కువగా చచ్చి, చిన్నవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ, అదీ పొద్దున్నే అయితే ఆక్సిజన్ పడిపోయిందని అనుమానించాలి. చిన్నా పెద్దా తేడా లేకుండా, రొయ్యలు, ఎండ్రకాయలు, నీటిపురుగులతో సహా చస్తే పురుగుమందు. వెన్ను విరిగి, కడుపులో గాలితిత్తి పగిలి ఉంటే తోటా. తోటాకు చచ్చినవాటిలో చాలావరకు పైకి తేలవు, అడుగునే ఉండిపోతాయి. కనుక పైన కనిపించేది అసలు నష్టం కాదు.

తర్వాత నమూనాలు. మూడు చోట్ల తీయాలి: చావులు మొదలైన చోటికి పైన, సరిగ్గా అక్కడ, దానికి దిగువన. సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, మోచేతి లోతులో ముంచి, గాలి బుడగ లేకుండా నింపి అక్కడే మూత పెట్టండి. కొన ఊపిరితో ఉన్నవి, అప్పుడే చచ్చినవి మాత్రమే తీసి, ఫాయిల్‌లో చుట్టి ఐసులో పెట్టండి. ఉబ్బి కుళ్ళినవి ల్యాబుకు పనికిరావు. ఫొటోల్లో లొకేషన్, టైము పడేలా ఫోన్ సెట్ చేసుకోండి. పంచాయతీ కార్యదర్శినో, సొసైటీ అధ్యక్షుడినో పిలిచి వాళ్ళ ముందే సీల్ వేసి సంతకాలు తీసుకోండి. సంతకం లేని సీసాను "మీ ఇంటి నల్లా నీళ్ళే కావచ్చు" అని కొట్టిపారేయడం చాలా సులువు. చచ్చిన చేపల్ని ఎవరూ ఏరుకుపోకుండా ఊళ్ళో చాటింపు వేయించడం మరచిపోవద్దు. అవి సంతలోకి పోతే ఇంకో ప్రమాదం.

తోటా, మందు, కరెంటు

1897 మత్స్య చట్టంలోని నాలుగో సెక్షన్ పేలుడుతో చేపలు చంపడాన్ని, ఐదో సెక్షన్ విషం కలపడాన్ని నేరం చేశాయి. మూల చట్టంలో శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఆ కాలానికి అది పెద్ద మొత్తమే. ఇప్పుడు ఒక కొర్రమీనుకు కూడా రాదు. అందుకే తోటా కేసుల్లో 1908 పేలుడు పదార్థాల చట్టాన్ని కూడా ఫిర్యాదులో పేర్కొనండి, పోలీసులు కదిలేది దానికే.

ఒకటే హెచ్చరిక. రాత్రిపూట తోటా చేతిలో ఉన్నవాడినీ, నీళ్ళలో కరెంటు తీగ వేసినవాడినీ మీరే పట్టుకునే ప్రయత్నం చేయొద్దు. కరెంటు పెట్టిన నీళ్ళలో కాలు పెడితే పోయేది మీ ప్రాణం. దూరం నుంచి బండి నంబరు, టైము రాసుకుని 112కు ఫోన్ చేయండి, సొసైటీకి చెప్పండి.

ఎవరికి రాయాలి

చేపల విషయం జిల్లా మత్స్య శాఖ అధికారికి. ఫ్యాక్టరీ, మురుగు నీళ్ళైతే తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, 1974 నీటి చట్టం పేరు చెప్పి. ఇసుక తోడుడైతే తహసీల్దారుకు, గనుల శాఖకు, వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల రక్షణ) చట్టం కింద. దేనికైనా ఒక ప్రతి సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. నెలలో జవాబు రాకపోతే "మా ఫలానా తేదీ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారు" అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దానికీ కదలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది. గాలం క్లబ్బు కోర్టుకెక్కడం కొత్తేం కాదు: ఇంగ్లండులో డర్బీ ఊరి గాలం సంఘం 1950ల మొదట్లో డెర్వెంట్ నదిని పాడుచేస్తున్న ఫ్యాక్టరీనీ, ఊరి కార్పొరేషన్‌నూ కోర్టుకీడ్చి గెలిచింది.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఆవేదన తగ్గించి అంకెలు పెట్టండి:

"తేదీ ఫలానా ఉదయం 5.40కి ఫలానా వాగులో ఫలానా చెక్ డ్యాముకు దిగువన చేపలు చనిపోయి కనిపించాయి. ఆక్సిజన్ ఇంత, పైన ఉన్న చోట ఇంత. మూడు నమూనాలు సాక్షుల సమక్షంలో సీలు చేసి ఉంచాము. పరీక్షకు పంపవలసిందిగా, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాము."

ఎవరి మీదా నేరుగా నింద వేయొద్దు. పైన ఉన్న చోట, కింద ఉన్న చోట అంకెలు పక్కపక్కన ఉంటే చదివేవాళ్ళకు మధ్యలో ఏముందో అర్థమవుతుంది.

ఒక మడుగును దత్తత తీసుకోండి

నడకలో చూసిన మడుగుల్లో అన్నిటికంటే లోతైన దాన్ని ఎంచుకుని, సొసైటీతో, గ్రామ పంచాయతీతో మాట్లాడి, మార్చి నుంచి తొలి వరద దాకా అందులో వలా గాలం రెండూ వద్దని తీర్మానం చేయించండి. మోటర్లు పెట్టి పూర్తిగా తోడేయకుండా మోకాలి లోతైనా మిగల్చమని రైతులను అడగండి. నారుమడి ఎండుతుంటే ఎవరూ వినరు, కాబట్టి ఈ మాట మార్చిలోనే అనుకోవాలి, మే నెలలో కాదు. దొంగ వల లాగకుండా అడుగున ముళ్ళకంప, పాత తుమ్మ మొద్దులు వేయడం పాత ఉపాయం. చేపకు నీడా అవుతుంది, వలకు అడ్డమూ అవుతుంది. ఈతకు దిగే పిల్లలుండే చోట మాత్రం ఆ పని చేయకండి.

తంగూసు ఏరివేత అదే సమయంలో పెట్టుకోండి. తెగిన తంగూసు వందల ఏళ్ళు కరగదు. కంపలకు చుట్టుకున్న దారంలో నీటికాకుల కాళ్ళు, తాబేళ్ళ మెడలు చిక్కుతాయి. ఇది పూర్తిగా మనం వేసిన చెత్త కాబట్టి ఫొటోలకు పోజులు అక్కర్లేదు.

చేపపిల్లలు తెచ్చి వదలొద్దు

ప్రతి క్లబ్బులో ఎవరో ఒకరు ఈ ప్రతిపాదన తెస్తారు, చందా కూడా వేస్తారు. వద్దనండి. ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. అది శాఖ పని, లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది. మీరు ఎక్కడి నుంచో తెచ్చిన డబ్బాలో ఏముందో మీకు తెలియదు. దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లనూ, మన దగ్గర మార్పు అని పిలిచే చేప పిల్లనూ పక్కపక్కన పెడితే చాలామంది గుర్తుపట్టలేరు. అది ఒకసారి వాగులో పడితే తీయడం ఎవరి తరమూ కాదు. అక్వేరియంలో పెరిగి పెద్దదైన దెయ్యం చేపను (అద్దానికి అంటుకుని ఉండే సక్కర్ చేప) జాలితో వాగులో వదిలేవాళ్ళకూ ఇదే మాట. గాలానికి ఈ రెండింట్లో ఏది పడినా మళ్ళీ నీళ్ళలో వేయకండి. నోటుబుక్కులో చోటు, తేదీ రాసి, ఫొటో తీసి మత్స్య శాఖకు పంపండి. పట్టింది వదలాలన్న మీ నియమానికి మినహాయింపు ఇవే.